పని మీద పరాయి ఊళ్లో ఉండాల్సి వస్తే: హోటలా, అద్దె ఫ్లాటా?

ఫ్యాక్టరీల్లో బాయిలర్లు బిగించి, నడిపి చూపించి, అప్పగించి రావడం నా ఉద్యోగం. ఇల్లు విజయవాడలో. పని మాత్రం ఒక ఏడు పరవాడ ఫార్మా సిటీలో, ఇంకో ఏడు పటాన్‌చెరులో, ఆ తర్వాత శ్రీపెరుంబుదూరులో, పుణె దగ్గరి చాకన్‌లో. ఇరవై ఏళ్లుగా ఇలాగే తిరుగుతున్నాను. లాడ్జీల్లో, హోటళ్లలో, సర్వీస్ అపార్ట్‌మెంట్లలో, నలుగురం కలిసి తీసుకున్న ఫ్లాట్లలో, ఒంటరిగా తీసుకున్న సింగిల్ బెడ్‌రూమ్ ఇళ్లలో ఉన్నాను. కొత్తగా సైటుకు బయలుదేరే కుర్రవాళ్లు నన్ను అడిగేది ఎప్పుడూ ఒకటే: “సార్, నాలుగు నెలల పని పడింది. హోటల్లో ఉండమంటారా, ఇల్లు తీసుకోమంటారా?”

నేను తిరిగి అడిగేదీ ఒకటే. “నెలల సంగతి తర్వాత చూద్దాం బాబూ. నెలకు ఎన్ని రాత్రులు అక్కడ పడుకుంటావు?”

చాలామంది దగ్గర దీనికి జవాబు ఉండదు. అద్దె ఇల్లు మీరు లేని రోజుకూ డబ్బు అడుగుతుంది. హోటల్ మీరున్న రోజుకే అడుగుతుంది. మిగతా లెక్కంతా ఈ ఒక్క తేడా చుట్టూనే తిరుగుతుంది. అందుకే ఈ మార్గదర్శిని అక్కడి నుంచే మొదలుపెడుతున్నాను.

మొదటి అడుగు: రాత్రులు లెక్కపెట్టండి

ఒక క్యాలెండరు ముందు పెట్టుకోండి. పని ఉన్న నెలల్లో మీరు ఇంటికి వచ్చే శని, ఆదివారాలు కొట్టేయండి. పండుగలు కొట్టేయండి. సంక్రాంతికి, దసరాకు ఎవరైనా రెండు రోజులు ముందే బయలుదేరతారు, ఆ రోజులూ తీసేయండి. హెడ్డాఫీసులో సమీక్షలు, మధ్యలో ఇంకో సైటుకు పిలుపులు, బంధువుల పెళ్లిళ్లు అన్నీ తీసేయండి. మిగిలినవే మీ రాత్రులు.

అంచనా మీద నమ్మకం లేకపోతే పోయిన ప్రాజెక్టు తీసి చూడండి. రైలు టికెట్ల పాత బుకింగులు ఫోనులోనే ఉంటాయి. ఏ తేదీన వెళ్లారో, ఏ తేదీన వచ్చారో వాటిలో స్పష్టంగా కనిపిస్తుంది. శ్రీపెరుంబుదూరు పనికి వెళ్లేటప్పుడు నేను నెలకు 26 రాత్రులు అక్కడే ఉంటాననుకున్నాను. విజయవాడ నుంచి చెన్నైకి రైలులో దాదాపు ఏడు గంటలు, ప్రతి వారం ఎక్కడ వస్తాం అనుకున్నాను. మూడు నెలలు గడిచాక డైరీ తీసి లెక్కపెడితే నెలకు సగటున 17 రాత్రులు తేలాయి. అమ్మకు కంటి ఆపరేషను, పిల్లవాడి పరీక్షలు, రెండు గృహప్రవేశాలు. ఇవేవీ ప్రాజెక్టు షెడ్యూలులో ఉండవు, జీవితంలో ఉంటాయి. కాబట్టి మీకు తోచిన అంకెలోంచి నాలుగైదు రాత్రులు తగ్గించి వేసుకోండి.

రెండో అడుగు: ఏ నిర్ణయమైనా, మొదటి పది రోజులు హోటల్లోనే

ఏడాది పని అని రాతపూర్వకంగా ఉన్నా సరే, మొదటి పది రోజులు హోటల్లో దిగండి. ఊరు తెలియకుండా ఇల్లు తీసుకోవద్దు. కంపెనీ బస్సు ఏ దారిలో వస్తుందో, షిఫ్టు ఎన్నింటికి వదులుతారో, ఏ రోడ్డు సాయంత్రం ఆరింటికి లారీలతో బిగుసుకుపోతుందో సైటులో పది రోజులు పనిచేస్తేనే తెలుస్తుంది. పైగా మొదటి వారంలోనే “ఫౌండేషను ఇంకా కాలేదు, వచ్చే నెల రండి” అని తిప్పి పంపే సందర్భాలు మా వృత్తిలో చాలా చూశాను. అప్పటికే ఇంటికి అడ్వాన్సు కట్టేసి ఉంటే ఆ నెల అద్దె నీళ్లపాలే.

ఆ పది రోజుల్లో సైటులో పనిచేసే స్థానికులతో మాట్లాడండి. ఇళ్ల గురించి యాప్‌లలో దొరకని సమాచారం టీ కొట్టు దగ్గర దొరుకుతుంది. ఏ వీధిలో వేసవిలో బోరు ఎండిపోతుందో, ఏ యజమాని అడ్వాన్సు తిరిగి ఇవ్వడానికి ఏడిపిస్తాడో వాళ్లు దాచుకోకుండా చెబుతారు.

మూడో అడుగు: కంపెనీ ఏమి ఇస్తుందో కాగితం మీద తీసుకోండి

రెండు పద్ధతులున్నాయి. కొన్ని కంపెనీలు బిల్లు చూపిస్తే చూపినంత ఇస్తాయి. కొన్ని రోజుకు ఇంత అని భత్యం ఇచ్చి, ఎక్కడుంటారో మీ ఇష్టం అంటాయి. బిల్లుల పద్ధతిలో హోటలే మేలు. ఫ్లాటు అద్దె ఇస్తామన్నా బ్రోకరు కమీషను, అడ్వాన్సు, గిన్నెలు, పరుపు ఖర్చులు ఇవ్వరు. భత్యం పద్ధతిలో మిగిలింది మీదే కనుక ఫ్లాటు లెక్క వేయాల్సిందే.

బిల్లులు పెట్టేవారు ఒక సంగతి గమనించాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 రూపాయల వరకు ఉండే హోటల్ గదులపై జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. అంతకు మించిన గదులపై 18 శాతమే. గది ఏ రాష్ట్రంలో ఉంటే ఆ రాష్ట్రపు పన్ను పడుతుంది. హైదరాబాదులో మాత్రమే జీఎస్టీ నమోదు ఉన్న కంపెనీకి చెన్నై హోటల్ బిల్లు మీద పన్ను తిరిగి రాదు. అందుకే అకౌంట్స్ విభాగం రోజుకు ఇంత అని పరిమితి పెట్టినప్పుడు, అది పన్నుతో కలిపా, పన్ను కాకుండానా అని ముందే అడగండి. నాలుగు నెలల తర్వాత గొడవపడటం కంటే అది సులువు.

అద్దె ఇల్లు తీసుకుంటే, పాత పన్ను విధానంలో ఉన్నవారికి ఇంటి అద్దె భత్యం మీద మినహాయింపు దొరుకుతుంది. కొత్త విధానంలో అది లేదు. ఏడాదికి అద్దె లక్ష రూపాయలు దాటితే యజమాని పాన్ నంబరు ఇవ్వాలి. ఇంటి బేరంలోనే ఈ మాట ఎత్తండి. చేరాక అడిగితే కొందరు యజమానులు మొహం చాటేస్తారు.

నాలుగో అడుగు: ఇదీ లెక్క

చెన్నై శివార్లలో నాలుగైదు నెలల పని అనుకుందాం. కింది అంకెలు లెక్క అర్థం కావడానికి వేసినవి. మీ ఊరి ధరలు మీరు వేసుకోండి, పద్ధతి మాత్రం ఇదే.

హోటల్ గది రోజుకు 1,800, పన్నుతో 1,890. ఉదయం టిఫిను అందులోనే. మధ్యాహ్నం భోజనం ఎలాగూ సైటు క్యాంటీన్‌లో. రాత్రి భోజనం 200, బట్టల ఉతుకు రోజుకు 80. నెలకు 22 రాత్రులుంటే గదికి 41,580, తిండికి, బట్టలకు 6,160. మొత్తం 47,740.

ఫ్లాటు అద్దె 18,000, మెయింటెనెన్స్ 2,000, కరెంటు 1,500, ఇంటర్నెట్ 700, పనిమనిషికి 2,000. మొత్తం 24,200. టిఫిను, రాత్రి వంట సరుకులు, గ్యాస్ 3,500, ఇస్త్రీకి 400. అన్నీ కలిపితే 28,100.

ఇక్కడికి చూస్తే ఫ్లాటు నెలకు 19,640 మిగులుస్తోంది. చాలామంది ఇక్కడే ఆగి తాళం చెవి తీసుకుంటారు. ఒక్కసారే అయ్యే ఖర్చులు ఇంకా వేయలేదు. బ్రోకరుకు ఒక నెల అద్దె 18,000. పరుపు, గిన్నెలు, బకెట్లు, పొయ్యి, కర్టెన్లు 15,000. సామాను తెచ్చుకోవడానికి, తీసుకెళ్లడానికి 6,000. ఖాళీ చేసేటప్పుడు రంగులకని యజమాని పట్టుకునే 10,000. మొత్తం 49,000. దీన్ని 19,640తో భాగిస్తే రెండున్నర నెలలు. అంటే మూడో నెల సగం నుంచే ఫ్లాటులో నిజంగా మిగులు. నాలుగు నెలల పనికి ఫ్లాటు సరైనదే.

ఇప్పుడు అదే మనిషి నెలకు 22 రాత్రులకు బదులు 15 రాత్రులే ఉన్నాడనుకోండి. హోటల్ ఖర్చు మొత్తం 32,550కి దిగుతుంది. సరుకులు, ఇస్త్రీ కాస్త తగ్గినా ఫ్లాటు ఖర్చు 27,000 దగ్గరే ఆగుతుంది, ఎందుకంటే అద్దె తగ్గదు. మిగులు 5,550. ఆ 49,000 రాబట్టుకోవడానికి తొమ్మిది నెలలకు కాస్త తక్కువ పడుతుంది. నాలుగు నెలల పనికి ఫ్లాటు శుద్ధ నష్టం.

ఊరు అదే, గది అదే, ఇల్లు అదే. ఏడు రాత్రులు తగ్గేసరికి రెండున్నర నెలల లెక్క తొమ్మిది నెలలయింది. నన్ను అడిగే కుర్రవాళ్లకు ఈ రెండు అంకెలూ పక్కపక్కన రాసి చూపిస్తాను. ఆ తర్వాత వాళ్లే చెబుతారు ఏం చేయాలో.

అడ్వాన్సును ఇందులో కలపలేదు. అది ఖర్చు కాదు, తిరిగి రావాల్సిన సొమ్ము. కానీ యాభై, అరవై వేలు నెలల తరబడి ఇంకొకరి చేతిలో ఉంటుంది. ఆ సమయంలో ఇంట్లో ఆసుపత్రి ఖర్చు వస్తే తట్టుకోగలరా అన్నది మీరే చూసుకోవాలి.

ఒంటి లెక్క కూడా వేయండి

డబ్బు లెక్కలో పడనిది శరీరం. చాకన్‌లో ఒకసారి వరుసగా 70 రోజులు హోటల్లో ఉన్నాను. ఉదయం అదే పోహా, అదే ఉప్మా, అదే రొట్టె, వెన్న. రాత్రి తొమ్మిదిన్నరకు సైటు నుంచి వస్తే కింద రెస్టారెంటులో పొద్దుటి నుంచి మరిగిన నూనె వాసన లిఫ్టు దాకా వచ్చేది. మూడో వారానికి కడుపులో మంట మొదలైంది. ఆరో వారానికి రాత్రిపూట అరటిపండు, పెరుగు తప్ప ఏదీ సహించలేదు. అప్పుడు నాకు కావలసింది ఒక్కటే, వేడి అన్నంలో చారు.

పటాన్‌చెరులో అలా జరగలేదు. తెలుగు ఊళ్లలో ఫ్లాటు తీసుకున్నవాడికి కర్రీ పాయింట్ ఉంటుంది. కుక్కర్లో గిద్దెడు బియ్యం పడేసి, కిందికి దిగి, పప్పు ఒకటి, వేపుడు ఒకటి, చారు ఒకటి పొట్లాలు కట్టించుకుని వచ్చేసరికి అన్నం ఉడికి ఉంటుంది. వంట రాకపోయినా ఇంటి భోజనమే. చెన్నై శివార్లలో, పుణెలో మన తరహా కర్రీ పాయింట్ వెతుక్కోవాలి. అక్కడ మెస్సులో నెలవారీ డబ్బాయో, సొంత వంటో తప్పదు. వంట రాదు, నేర్చుకునే ఓపికా లేదు అనుకుంటే, పైన ఫ్లాటు లెక్కలో వేసిన 3,500 మీకు వర్తించదు. దాన్ని రెట్టింపు చేసి మళ్లీ లెక్క వేయండి.

షుగరు, బీపీ ఉన్నవారు, ఉపవాసాలు, నియమాలు పాటించేవారు డబ్బు లెక్క కాస్త అటూ ఇటూ ఉన్నా వంటగది ఉన్న చోటే ఉండాలన్నది నా గట్టి అభిప్రాయం. రాత్రి షిఫ్టు చేసేవారికీ ఇదే మాట. హోటల్లో పగలు పదకొండింటికి దుప్పట్లు మార్చడానికి తలుపు తడతారు. ఎన్ని బోర్డులు తగిలించినా పక్క గదులు ఊడుస్తున్న చప్పుడు ఆగదు.

ఒంటరిగా వెళ్లే ఆడవారికి మొదటి వారాల్లో హోటలే భద్రం. రాత్రంతా రిసెప్షన్‌లో మనిషి ఉంటాడు, ఆలస్యంగా వచ్చినా అడిగేవాడు ఉండడు. తర్వాత లేడీస్ హాస్టల్ చూసుకుంటే గేటు ఎన్నింటికి మూస్తారో మొదటే అడగండి. పదింటికే తాళం వేసే చోట రెండో షిఫ్టు చేసేవారు ఉండలేరు.

ఐదో అడుగు: మధ్య దారులు చూడండి

హోటల్, ఫ్లాటు అని రెండే అనుకుంటే పొరపాటు. రెండు, మూడు నెలల పనులకు నేను ఎక్కువగా మధ్య దారే పట్టాను.

సర్వీస్ అపార్ట్‌మెంటు అంటే మంచం, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, వంటగదితో సిద్ధంగా ఉండే ఇల్లు. అడ్వాన్సు తక్కువ, బ్రోకరు ఉండడు. నెల ధర హోటల్ కంటే తక్కువ, ఫ్లాటు కంటే ఎక్కువ. పీజీ, హాస్టల్ గదిలో భోజనమూ కలిసి ఉంటుంది. 2024 జూలై 15 నుంచి, మనిషికి నెలకు 20,000 రూపాయలు మించకుండా, వరుసగా కనీసం 90 రోజులు ఉండేవారికి ఇచ్చే వసతిపై జీఎస్టీ మినహాయింపు ఉంది. మూడు నెలలకు పైగా ఉండేటట్లయితే బిల్లులో పన్ను వేశారేమో చూసుకోండి.

అదే సైటులో పనిచేసేవారు ఇద్దరు, ముగ్గురు కలిసి ఫ్లాటు తీసుకోవడం డబ్బు పరంగా అన్నింటికంటే చవక. ఇందులో ఒక్క జాగ్రత్త: అగ్రిమెంటు ఎవరి పేరున ఉంటుందో ఆ మనిషే చివరిదాకా ఉండేవాడై ఉండాలి. మధ్యలో వెళ్లిపోయేవాడు తన వాటా అడ్వాన్సు ఎవరి దగ్గర తీసుకోవాలో మొదటి రోజే కాగితం మీద రాసుకోండి. మంచి స్నేహాలు ఈ చిన్న కాగితం లేకనే చెడిపోవడం చూశాను.

ఆరో అడుగు: హోటలే అని తేలితే

మొదటి రెండు రోజులు మామూలు ధరకు ఉండండి. మూడో రోజు పగటిపూట, రద్దీ లేనప్పుడు, మేనేజరుతో నేరుగా కూర్చుని మాట్లాడండి. “నెలకు ఇరవై రాత్రులు, నాలుగు నెలలు ఉంటాను, కంపెనీ బిల్లు” అంటే రోజు ధర తగ్గించని మేనేజరు అరుదు. ధరతో పాటు మూడు సంగతులు మాట్లాడుకోండి.

ఒకటి, శుక్రవారం సాయంత్రం గది ఖాళీ చేసి వెళ్లి సోమవారం వస్తే పెట్టె, హెల్మెట్, బూట్లు దాచి ఉంచుతారా? ఈ సౌకర్యం లేకపోతే ఇంటికి వెళ్లిన రాత్రులకూ గది అద్దె కట్టాల్సి వస్తుంది. అప్పుడు హోటల్‌కు ఉన్న పెద్ద లాభమే పోతుంది.

రెండు, ఆ ధర రద్దీ రోజుల్లోనూ నిలుస్తుందా? మన ఊళ్లలో మాఘం, శ్రావణం ముహూర్తాల్లో లాడ్జీలన్నీ పెళ్లివారితో నిండిపోతాయి. తిరుపతిలో బ్రహ్మోత్సవాలప్పుడు, బెంగళూరులో ఏరో ఇండియా ప్రదర్శన జరిగే ఫిబ్రవరిలో గదుల ధరలు అమాంతం పెరుగుతాయి. నాలుగు నెలలకూ ఒకే ధర అని మెయిల్‌లో తీసుకోండి. మాట మీద వదిలేయకండి.

మూడు, రోజు ఎప్పటి నుంచి ఎప్పటి వరకు? చాలా లాడ్జీల్లో మీరు దిగిన గంట నుంచి 24 గంటలు. హోటళ్లలో సాధారణంగా మధ్యాహ్నం పన్నెండుకు ఖాళీ చేయాలి. తెల్లవారుజామున నాలుగింటికి రైలు దిగేవాడికి ఈ తేడా ఒక రోజు అద్దె.

గది ఎంచుకునేటప్పుడు లిఫ్టుకు, మెట్లకు, జనరేటరుకు దూరంగా అడగండి. కిటికీ తెరుచుకుంటుందో లేదో మీ చేత్తో తీసి చూడండి. కొన్ని హోటళ్లలో కిటికీ ఉన్నట్లే ఉంటుంది, కర్టెను తీస్తే వెనక గోడ. రెండు రోజులకు ఫరవాలేదు, నాలుగు నెలలకు ఆ గది మనిషిని కుంగదీస్తుంది. గుర్తింపుకు ఆధార్ అడిగితే మొదటి ఎనిమిది అంకెలు కనబడని మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. ఆధార్ జారీ చేసే సంస్థ యూఐడీఏఐ వెబ్‌సైటు నుంచి తీసుకోవచ్చు.

ఏడో అడుగు: ఫ్లాటే అని తేలితే

ఇంటిని రెండుసార్లు చూడండి. ఉదయం ఏడింటికి ఒకసారి, రాత్రి పదింటికి ఇంకోసారి. శ్రీపెరుంబుదూరులో నేను మధ్యాహ్నం మూడింటికి ఒక ఇల్లు చూసి ముచ్చటపడ్డాను. గాలి, వెలుతురు, నిశ్శబ్దం. చేరిన రాత్రి తెల్లవారుజామున మూడింటికి ఉలిక్కిపడి లేచాను. నీళ్ల ట్యాంకరు వచ్చి సరిగ్గా నా కిటికీ కింద ఆగింది. సంపులోకి నీళ్లు పడుతున్న హోరు, ఆ తర్వాత మోటారు మోత. ప్రతి రాత్రీ అంతే. అప్పటికి మూడు నెలల అద్దె అడ్వాన్సుగా కట్టేశాను.

ఉదయం వెళ్లినప్పుడు కుళాయి తిప్పి బకెట్టు నింపి చూడండి. నీళ్లు పసుపు తిరిగి అడుగున మడ్డి కడితే తాగడానికే కాదు, స్నానానికీ పనికిరావు. అన్నింటికీ క్యాన్లు కొనాల్సిందే. రాత్రి వెళ్లినప్పుడు పడకగదిలో తలుపు వేసి ఫోను చేసి చూడండి. సిగ్నలు హాల్లో ఉండి పడకగదిలో లేకపోవడం మామూలే. కరెంటు మీటరు ఎవరి పేరున ఉందో, సబ్ మీటరు ఉంటే యూనిట్‌కు ఎంత తీసుకుంటారో అడగండి. ఏసీ వాడేవారికి ఇక్కడే నెలకు వెయ్యి, రెండు వేలు తేడా వస్తుంది.

బేరానికి కాలం చూసుకోండి. తెలుగు ఊళ్లలో ఆషాఢంలో, పుష్యంలో ఇల్లు మారేవారు తక్కువ. ఖాళీగా ఉన్న ఇంటి యజమాని ఆ నెలల్లో అద్దె తగ్గించడానికి ఒప్పుకుంటాడు.

అడ్వాన్సు ఊరిని బట్టి మారుతుంది. హైదరాబాదులో రెండు నెలల అద్దె మామూలు. బెంగళూరులో ఒకప్పుడు పది నెలలది అడిగేవారు, ఇప్పటికీ ఐదారు నెలలు అడిగేవారున్నారు. తమిళనాడు 2017 చట్టం మూడు నెలల అద్దెను హద్దుగా చెప్పినా, ఇద్దరూ ఒప్పుకుని వేరేగా రాసుకునే వీలు ఉంచింది. కేంద్రం 2021లో రాష్ట్రాలకు ఇచ్చిన నమూనా చట్టం నివాస ఇళ్లకు రెండు నెలలనే సూచించింది, కానీ రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే అది అమలవుతుంది. కాబట్టి చట్టం మీద భారం వేసి కూర్చోకుండా మీ కాగితం మీరు చూసుకోవాలి.

అగ్రిమెంటు సాధారణంగా పదకొండు నెలలకు రాస్తారు. 1908 నాటి కేంద్ర రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడాది దాటిన లీజును తప్పనిసరిగా రిజిస్టరు చేయించాలి, ఆ ఖర్చు తప్పించుకోవడానికే పదకొండు. కొన్ని రాష్ట్రాలు ఈ నియమాన్ని మార్చుకున్నాయి. మహారాష్ట్రలోనైతే ఎన్ని నెలలైనా లీవ్ అండ్ లైసెన్స్ (అక్కడ ఇంటి అద్దెకు రాసుకునే) ఒప్పందాన్ని రిజిస్టరు చేయించాల్సిందే, ఆ బాధ్యత యజమానిది. పుణె వెళ్లేవారు గుర్తుపెట్టుకోండి.

పని మీద వెళ్లేవారికి అగ్రిమెంటులో ప్రాణం లాంటి వాక్యం ఒకటుంది. లాక్ ఇన్ కాలం ఎంత? ఆరు నెలలు అని ఉంటే, మీ పని మూడు నెలల్లో అయిపోయినా మిగతా మూడు నెలల అద్దె అడ్వాన్సులోంచి పోతుంది. “బదిలీ అయినా, ప్రాజెక్టు ముగిసినా ఒక నెల నోటీసుతో ఖాళీ చేయవచ్చు” అని రాయించండి. యజమాని రాయనంటే ఆ ఇల్లు ఎంత బాగున్నా వదిలేయండి. రంగులకు ఎంత పట్టుకుంటారో కూడా అంకెతో రాయించండి. ఒకచోట ఆరు నెలలే ఉన్న ఇంటికి రంగుల పేరుతో పూర్తి నెల అద్దె కోసేశారు. కాగితంలో అంకె లేదు, నాకు వాదించడానికి ఆధారమూ లేదు.

సామాను మితంగా కొనండి. ఇండియన్ ఆయిల్ ‘ఛోటూ’ పేరుతో అమ్మే 5 కిలోల సిలిండరుకు చిరునామా రుజువు అక్కర్లేదు, గుర్తింపు కార్డు చాలు. దానికి తోడు ఒక ఇండక్షన్ పొయ్యి, లీటరు కుక్కరు, రెండు గిన్నెలు, ఒక బాండీ. మంచం కొనవద్దు, అద్దెకు దొరుకుతుంది. పరుపు మాత్రం మంచిది కొనండి. పన్నెండు గంటలు ఇనుము మధ్య నిలబడి వచ్చే నడుముకు అది కావాలి.

ఎనిమిదో అడుగు: నెలకొకసారి లెక్క తిరగేయండి

ఒకసారి తీసుకున్న నిర్ణయాన్ని చివరిదాకా మోయనక్కర్లేదు. ప్రతి నెలాఖరున రెండు అంకెలు చూసుకోండి: ఈ నెల ఎన్ని రాత్రులు ఉన్నాను, ఇంకా ఎన్ని నెలలు పని ఉంది. హోటల్లో ఉంటూ రాత్రులు ఇరవై దాటుతున్నాయి, పని ఇంకో ఐదు నెలలకు సాగింది అంటే ఇల్లు వెతకడం మొదలుపెట్టండి. ఫ్లాటులో ఉండి రాత్రులు పన్నెండు, పదమూడుకు పడిపోయాయంటే, వెంటనే నోటీసు ఇచ్చి ఆ నెల గడిచాక హోటల్‌కు మారండి. పెట్టిన ఖర్చు ఎలాగూ పోయింది కదా అని ఖాళీ ఇంటికి అద్దె కడుతూ కూర్చోవద్దు.

వేసవి సెలవుల్లో భార్యాపిల్లలు వచ్చి నెల రోజులు ఉంటారంటే ఆ ఒక్క కారణం చాలు, నేను ఫ్లాటు వైపే మొగ్గుతాను. పరవాడ పని రోజుల్లో గాజువాకలో ఇల్లు తీసుకున్నాను. ఆ మే నెలంతా సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి పిల్లలు గేటు దగ్గర నిలబడి ఉండేవారు. అది ఏ లెక్కలోనూ వేయలేదు, వేయను కూడా.

చివరి అడుగు: ఖాళీ చేసే రోజు

ఇంట్లో దిగిన రోజే గోడలు, కుళాయిలు, స్విచ్చులు, కిటికీ అద్దాలు, మీటరు రీడింగు అన్నీ వీడియో తీసి యజమానికి వాట్సాప్‌లో పంపి ఉంచండి. ఖాళీ చేసే రోజు అదే వరుసలో మళ్లీ వీడియో తీయండి. చివరి కరెంటు బిల్లు, నీళ్ల బిల్లు కట్టిన రసీదులు చూపించండి. పనిమనిషికి, క్యాన్ల అబ్బాయికి ఇవ్వాల్సింది ముందు రోజే ఇచ్చేయండి. తాళం చెవులు ఎన్ని ఇచ్చారో అన్నీ లెక్కపెట్టి చేతిలో పెట్టండి. అడ్వాన్సు మీ ఖాతాలో పడిన మెసేజీ వచ్చాకే స్టేషనుకు ఆటో పిలవండి.